మా వారి చేతికి మైక్ ఇచ్చిన ఆదివారం గురించి: సంఘ కాపరులకీ పెద్దలకీ ఒక బహిరంగ లేఖ

సంఘ కాపరులకీ, సంఘ పెద్దలకీ, ఆరాధన నడిపించే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ, ప్రభువు నామంలో వందనాలు.

ఈ లెటర్ ఒక్క సంఘం గురించి కాదు, అందుకే ఎవరి పేరూ రాయట్లేదు. చదివాక "ఇది మా గురించే రాసింది" అని ఎవరికైనా అనిపిస్తే అనిపించనివ్వండి. నేను పాస్టర్‌ని కాదు, బైబిల్ కాలేజీ గడప కూడా ఎక్కలేదు, మూడేళ్ల నుంచి ఒక మంచం పక్కన కూర్చుని బైబిల్ చదువుకుంటున్న మామూలు ఆడమనిషిని. ఈ లెటర్ కోపంతో మొదలుపెట్టాను, రెండుసార్లు మొత్తం డిలీట్ చేశాను, ఇప్పుడు కోపం కొంచెం దిగింది కాబట్టి పోస్ట్ చేస్తున్నా, మధ్యలో ఎక్కడైనా మళ్లీ ఎక్కితే ఓర్చుకోండి.

మా వారికి స్ట్రోక్ వచ్చి మూడేళ్లు. మెదడుకి ఎడమ పక్కన దెబ్బ తగిలింది, కుడి చెయ్యి కుడి కాలు పడిపోయాయి, దాంతోపాటు మాట కూడా పోయింది. అఫేసియా అంటారట దాన్ని. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, ఏం చెప్పాలో ఆయనకి లోపల తెలుసు, నాలుకా బాగానే ఉంది గొంతూ బాగానే ఉంది, మాటని వెతికి తెచ్చి నోటికి అందించే దారి తెగిపోయింది. మంచినీళ్లు కావాలంటే ఎడమ చేత్తో గ్లాసు చూపిస్తారు. నా పేరు పిలవాలని నోరు తెరిస్తే "త... త..." దగ్గర ఆగిపోతారు, నా పేరులో అసలు త అక్షరమే లేదు. ఇరవై ఏళ్లు సండే స్కూల్లో పిల్లలకి కథలు చెప్పిన మనిషండీ. సంఘంలో లేచి ప్రార్థన మొదలుపెడితే వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు దగ్గేదాకా ఆపేవారు కాదు.

మొదటి రెండు నెలలు చూడ్డానికి చాలామంది వచ్చారు, అది మర్చిపోను, రానివాళ్లకంటే వచ్చినవాళ్లు లక్ష రెట్లు నయం. అయితే వెళ్తూ వెళ్తూ దాదాపు అందరూ ఇచ్చిన వాక్యం ఒకటే, యాకోబు 1:2-3. "మీరు నానా విధములైన శోధనలలో పడునప్పుడు, అది మహానందమని యెంచుకొనుడి." ఆ టైంలో నాకు ఆనందం సంగతి దేవుడెరుగు, ఆకలి కూడా తెలిసేది కాదు. ఒక అక్క అయితే నేను ఏడుస్తుంటే నా గడ్డం పట్టుకుని "ఏడవకమ్మా, నువ్వు ఏడిస్తే సాతానుకి పండగ, నవ్వు, నవ్వితే వాడు పారిపోతాడు" అంది. నవ్వాను. ఆమె చెప్పులు వేసుకుని గేటు దాటేదాకా నవ్వాను, తర్వాత బాత్రూంలో కుళాయి ఫుల్లుగా తిప్పుకుని ఏడ్చాను, సౌండ్ ఆయనకి వినపడకూడదని. ఇప్పటికీ కుళాయి నీళ్లు బకెట్‌లో పడే సౌండ్ వింటే నాకు ఆ రోజులే గుర్తొస్తాయి.

ఆదివారాలు ఎవరైనా "ఎలా ఉన్నారు సిస్టర్" అంటే "దేవుని కృప, బాగున్నాం" అనేదాన్ని. ఆ మాట గొళ్లెం లాంటిది, అది పడగానే అవతలి వాళ్లకీ హాయి మనకీ హాయి, ఇంక లోపలికి ఎవరూ రారు. మీ సంఘంలో వారం వారం ఎన్ని గొళ్లేలు పడుతున్నాయో ఒకసారి ఆలోచించండి అయ్యగారూ.

ఒక రాత్రి నిద్రపట్టక ఆ యాకోబు వాక్యంతోనే తగాదా పెట్టుకుని కూర్చున్నా. "యెంచుకొనుడి" దగ్గర ఆగిపోయాను. ఇవాళ మనం ఎంచుకోవడం అంటే సెలెక్ట్ చేసుకోవడం అనుకుంటాం, పది చీరల్లో ఒకటి ఎంచుకున్నట్టు. కానీ తప్పులెంచడం అని కూడా అంటాం కదా, అక్కడ ఎంచడం అంటే లెక్కపెట్టడం. గ్రీకులో యాకోబు వాడిన మాటకీ అర్థం అదేనట, పరిగణించండి, లెక్కలో అలా వేసుకోండి అని. ఫీలవ్వండి అని ఆయన అనలేదు. లెక్క రాసేవాళ్లు అప్పుని అప్పుగానే రాస్తారు, నష్టాన్ని చెరిపేసి లాభం అని రాస్తే అది దొంగ లెక్క అవుతుంది. వచ్చిందంతా ఉన్నదున్నట్టు రాసి, ఇది చివరికి ఎటు తేలుతుందో నాకు తెలుసు అని ఒక నమ్మకంతో కూడిక వెయ్యమంటున్నాడు ఆయన. పైగా అదే వాక్యంలో పరీక్ష ఓర్పుని "పుట్టించును" అన్నాడు. పుట్టడానికి నెలలు పడుతుంది, నొప్పులు వస్తాయి, కేకలు కూడా ఉంటాయి. కాన్పు గది బయట నిలబడి "ఇంకా నవ్వట్లేదేంటి" అని ఎవరూ అడగరు.

ఆ పత్రిక, అంటే యాకోబు రాసిన ఆ ఉత్తరం, ఎవరికి రాశాడో చూడండి, చెదిరిపోయి ఉన్న పన్నెండు గోత్రాల వాళ్లకి, అంటే ఇల్లూ వాకిలీ వదిలి పరాయి చోట బతుకుతున్న వాళ్లకి. రాసినవాడు ప్రభువు సహోదరుడైన యాకోబే అని సంఘం చాలాకాలంగా ఎక్కువగా నమ్ముతూ వచ్చింది, ఆయన్ని యెరూషలేములో రాళ్లతో కొట్టించి చంపిన సంగతి జోసీఫస్ అనే యూదుల చరిత్రకారుడు రాశాడు, సుమారు 62వ సంవత్సరంలో. అలాంటి మనిషి అలాంటి వాళ్లకి "నా సహోదరులారా" అని పిలిచి మరీ చెప్పిన మాట అది. పరామర్శకి వచ్చి చెప్పులు వేసుకుంటూ చెప్పే మాట కాదు.

ఇంక ఆ రాత్రి సంగతి చెప్తాను, అది చెప్పకపోతే ఈ లెటర్‌కి అర్థం లేదు.

స్ట్రోక్ వచ్చిన ఐదో నెల. ఆరోజు పొద్దున్నే ఫిజియోథెరపీలో పడిపోయారు, దెబ్బ పెద్దగా తగల్లేదు కానీ మనసు విరిగిపోయింది, రోజంతా ఎవరి వైపూ చూడలేదు. రాత్రి పక్క తడిసిపోయింది. నేను లైట్ వేసి ఆయన్ని ఒక పక్కకి ఒత్తిగిలించి దుప్పటి లాగుతున్నా, ఆయన మొహం గోడ వైపు తిప్పేసుకున్నారు. సిగ్గు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నా దగ్గర సిగ్గుపడడం నేనెప్పుడూ చూడలేదు. ఏం మాట్లాడాలో తెలీలేదు, ప్రార్థన కూడా రాలేదు, నిజంగా ఒక్క ముక్క రాలేదు. చేతులు పని చేస్తుంటే నోరు ఊరికే ఉండదు కదా, అలా అలవాటు కొద్దీ మా పెళ్లిలో పాడిన ఆరాధన పాట ఒకటి సన్నగా తీసుకున్నా, మనసు పెట్టి కూడా కాదు. రెండో లైన్ దగ్గర ఇంకో గొంతు కలిసింది.

భయమేసి ఆపేశాను. ఆ గొంతూ ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నా, మళ్లీ రెండో లైన్ దగ్గరికి రాగానే కలిశారు, మొహం ఇంకా గోడ వైపే ఉంది, మాటలు మాత్రం స్పష్టంగా, శృతిలో, పల్లవి అయిపోయి చరణం కూడా సగం దాకా వచ్చింది. అప్పుడు ఇటు తిరిగారు. ఆయన కళ్లలో ఆశ్చర్యం నాకంటే ఎక్కువ ఉంది. నేను ఆత్రం పట్టలేక "నా పేరు చెప్పండి, నా పేరు" అన్నా. "త... త..." అంతే. మళ్లీ పాట ఎత్తుకుంటే మళ్లీ మాటలు. టైం చూస్తే పన్నెండున్నర. ఇద్దరం ఏడుస్తూ పాడాం, పాడుతూ ఏడ్చాం, సగం తీసిన తడి దుప్పటి నా చేతిలో అలాగే ఉంది.

స్పీచ్ థెరపిస్ట్‌కి చెబితే ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. మాట పోయిన వాళ్లలో చాలామందికి పాట మిగులుతుందట. మాట్లాడడం ఎక్కువగా ఎడమ మెదడు పని, రాగాన్నీ బాగా అలవాటైన పాటల్నీ కుడి మెదడు కూడా మోస్తుంది, అందుకని. 1970లలో బోస్టన్‌లో డాక్టర్లు దీని మీద ఆధారపడి మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీ అని ఒకటి తయారు చేశారు, చిన్న చిన్న మాటల్ని రాగంలో పెట్టి ఎడమ చేత్తో తాళం వేయిస్తూ పలికిస్తారు. ఇది చెప్తే ఒకరిద్దరు విశ్వాసులు మొహం మాడ్చుకున్నారు, "అయితే ఇది అద్భుతం కాదా సిస్టర్" అని. నాకైతే సరిగ్గా దీనికే ఒళ్లు పులకరించింది. ఒక దారి తెగిపోయే రోజు వస్తుందని తెలిసినవాడిలా, పాటకి ఇంకో దారి ముందే వేసి ఉంచాడు చేసినవాడు. నేను ముప్పై ఏళ్లు ఆయన పక్కన పడుకుని ఆ దారి ఉందని కూడా ఎరగను.

ఆ రాత్రి నాకు కలిగింది ఆనందమే. దానికి వేరే పేరు లేదు. ఆయన చెయ్యి అలాగే ఉంది, రేపటి భయం అలాగే ఉంది, దుఃఖం కుర్చీ ఖాళీ చేసి లేచిపోలేదు, ఆనందం వచ్చి దాని పక్కనే ఇరుక్కుని కూర్చుంది. పౌలు తన గురించి తనే రాసుకున్నాడు కదా 2 కొరింథీ 6:10లో, "దుఃఖపడినవారమైనట్లుండియు ఎల్లప్పుడు సంతోషించువారము" అని, రెండూ ఒకే లైన్‌లో, ఒకదాని కోసం ఇంకోటి కొట్టెయ్యకుండా.

తప్పు నాదే, ఈ సంగతి పట్టలేక ఒక అక్కతో చెప్పాను. ఆదివారం వచ్చేసరికి సంఘమంతా తెలిసిపోయింది, "బ్రదర్ గారికి మాట వచ్చేసింది" అని. నేను వద్దు వద్దు అంటున్నా వినలేదు, వేదిక మీదికి పిలిచారు, ఇద్దరు తమ్ముళ్లు వీల్‌చైర్‌ని ఎత్తి పైకి ఎక్కించారు, మైక్ తెచ్చి ఎడమ చేతిలో పెట్టారు. "సాతాను కట్టేసిన నోటిని ప్రభువు విప్పాడు" అని చప్పట్లు. కీబోర్డ్ బాబు శృతి ఇచ్చాడు, అది మా పాట కాదు, స్పీడ్ కూడా డబుల్. మా వారు నోరు తెరిచారు. "త... త... త..." ఇంట్లో మంచం దాటి వినపడని ఆ త ఆ రోజు నాలుగు స్పీకర్లలో వినపడింది. నుదుటి మీద చెమట, మైక్ వణుకుతోంది, కళ్లు జనంలో నా కోసం వెతుకుతున్నాయి. ముందు వరసలోంచి ఎవరో "ఒక్క హల్లెలూయ బ్రదర్, ఒక్కటి" అని అరిచారు, చిన్నపిల్లాడితో బొమ్మ చూపించి మాట్లాడించినట్టు. చివరికి అయ్యగారు మైక్ తీసేసుకుని జనం వైపు తిరిగి "కుటుంబంలో ఏదైనా అడ్డు ఉంటే ఒప్పుకోవాలి, విశ్వాసం కావాలి" అన్నారు.

కుటుంబం అంటే ఎవరండీ, మా ఇద్దరిలో ఇంకొకరు నేనే కదా.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు కూడా ఇదే అడిగారు, యోహాను 9లో, పాపం చేసింది వీడా వీడి కన్నవాళ్లా అని. వీడూ కాదు కన్నవాళ్లూ కాదు అని ప్రభువు ఒక్క మాటలో తేల్చేశాడు. రెండు వేల ఏళ్లయినా ఆ ప్రశ్న మాత్రం మన వేదికల మీదే తిరుగుతోంది.

ఆ ఆదివారం తర్వాత ఆయన నాలుగు నెలలు పాడలేదు. ఇంట్లో కూడా. నేను ఎత్తుకుంటే ఎడమ చెయ్యి అడ్డం పెట్టి ఆపెయ్యమనేవారు.

మీకు చెడు ఉద్దేశం ఉందని నేను అనుకోవట్లేదు, ఇది మనస్ఫూర్తిగా చెప్తున్నా. మీ మీదా ప్రెషర్ ఉంటుంది, ప్రతి వారం ఒక మంచి వార్త కావాలి, జనం బలహీనంగా వస్తారు వాళ్లని నిలబెట్టాలి, ఎక్కడో ఒకచోట దేవుడు పని చేస్తున్నాడని చూపించాలి. కానీ దాని కోసం ఇంకా మానని గాయాన్ని తెచ్చి వేదిక మీద పెడితే చూసేవాళ్లలో ఇంకా మానని వాళ్లందరూ ఏమైపోతారు? ఆరోజు వెనక వరసల్లో కూర్చుని చప్పట్లు కొట్టిన వాళ్లలో ఎందరు ఇంటికెళ్లి కుళాయి తిప్పుకున్నారో మీకు తెలుసా, నాకూ తెలీదు, కానీ ఉంటారు.

అపొస్తలుల కార్యములు 16 మీద మీరు ఎన్నిసార్లు ప్రసంగం చేసి ఉంటారో. పౌలు సీలలు ఫిలిప్పీ చెరసాలలో మధ్యరాత్రి పాడారు, భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మీరూ పాడండి మీ తలుపులూ తెరుచుకుంటాయి, ఆమేన్. ఆ నాలుగు నెలల్లో నేను ఆ అధ్యాయం చాలాసార్లు చదివాను, కొంచెం పంతంతోనే చదివాను. 33వ వచనంలో ఒక చిన్న మాట ఉంది, ఆ రాత్రి ఆ గడియలోనే చెరసాల నాయకుడు వాళ్ల గాయాలు కడిగాడు అని. అంటే అప్పటిదాకా ఎవరూ కడగలేదు. బట్టలు లాగేసి బెత్తాలతో చాలా దెబ్బలు కొట్టి, లోపలి చెరసాలలో పడేసి కాళ్లకి బొండ బిగించారు, ఒత్తిగిలడానికి కూడా లేదు, వీపు మీద రక్తం అలాగే ఎండి బట్టకి అంటుకుపోయి ఉంటుంది, ఆ వీపుతో పాడారు వాళ్లు. మూడేళ్లుగా పక్కపుండ్లు కడుగుతున్న దాన్ని కదా, నాకు ఆ మాట ముందు కనపడింది. ఇంకోటి చూడండి, తలుపులన్నీ తెరుచుకున్నాక వాళ్లు వెళ్లిపోలేదు. ఖైదీలు పారిపోయారనుకుని కత్తి దూసి చచ్చిపోబోతున్న ఆ చెరసాల నాయకుడితో పౌలు "మేమందరం ఇక్కడే ఉన్నాం" అని కేక వేశాడు. తలుపు కోసమే పాడి ఉంటే తలుపు తెరుచుకోగానే పాట అయిపోయేది, కాళ్లు బయటికి నడిచేవి.

ఆ ఫిలిప్పీ ఊరి సంఘానికే తర్వాతెప్పుడో పౌలు ఇంకో చెరలోంచి ఉత్తరం రాశాడు. నాలుగే అధ్యాయాలు, మూలంలో సంతోషం ఆనందం అనే మాటలు పదహారు సార్లు వస్తాయట, "మరల చెప్పుదును ఆనందించుడి" అన్నది అందులోదే. ఆ ఉత్తరంలో భూకంపం ఊసే లేదు. అదే ఉత్తరం రెండో అధ్యాయంలో ఎపఫ్రొదితు అనే సహవాసి జబ్బుపడి చావుకి దగ్గరైతే, దేవుడు కనికరించి అతన్ని బతికించాడు, నాకు దుఃఖం మీద దుఃఖం కలగకుండా నన్నూ కనికరించాడు అని రాస్తాడు. ఆనందించండి అన్న నోటితోనే నాకు ఇప్పటికే ఒక దుఃఖం ఉంది అని ఒప్పుకున్నాడు, దాని మీద ఇంకోటి పడితే తట్టుకోలేకపోయేవాణ్ణి అన్నట్టుగా. నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండడం "నేర్చుకొని యున్నాను" అంటాడు. నేర్చుకున్నాడటండీ, అంతటి పౌలు. మరి నాకు ఐదు నెలలకే పరీక్ష పెట్టి వేదిక మీద రిజల్ట్ చదివితే ఎలా.

మన ఆరాధనలో ఏడుపుకి చోటు ఎక్కడుందో నాకు చెప్పండి. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలే. 13వ కీర్తనలో దావీదు ఎన్నాళ్లు, ఎంతవరకు అని దేవుణ్ణి మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు నిలదీస్తాడు, పాట అనే మాట ఆరో వచనంలో గానీ రాదు. మనం మొదటి ఐదు వచనాలు మింగేసి ఆరోదానితో స్టార్ట్ చేస్తాం, అదీ డ్రమ్స్‌తో. 88వ కీర్తన అయితే చివరిదాకా తెల్లారదు, స్నేహితులందరూ దూరమయ్యారు, మిగిలింది చీకటే అని అక్కడే ఆగిపోతుంది. ఆయన పాడని ఆ నాలుగు నెలలూ నాకు ఆ కీర్తనే దిక్కయింది. ఎందుకంటే చెప్పలేను, ఎవరో నాకంటే ముందు ఇదంతా దేవుడి మొహం మీదే అనేశారు, ఆయన కోప్పడలేదు, పైగా తన పుస్తకంలో ఉండనిచ్చాడు, చివర్లో ఒక మంచి లైన్ కలపమని కూడా అనలేదు. అది చదివి మూసేసిన రోజుల్లో, నమ్మండి, నాకు తేలిగ్గా నిద్రపట్టేది. కుళాయి తిప్పుకోవడం మానేశాను. ఏడవాలనిపిస్తే హాల్లోనే కూర్చుని ఏడ్చేదాన్ని, ఆయన ఎడమ చెయ్యి చాపేవారు, వెళ్లి పట్టుకునేదాన్ని.

లాజరు సమాధికి వెళ్లేముందు ప్రభువు ఏం చేశాడో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంకాసేపట్లో లేపబోతున్నాడని ఆయనకి తెలుసు, అయినా "యేసు కన్నీళ్లు విడిచెను". మరియతో "ఏడవకు, ఐదు నిమిషాల్లో చూడు ఏం చేస్తానో" అనలేదు. మనలో కొందరి దగ్గర ఆ వాక్యం చిన్న వాక్యాల క్విజ్‌లో ప్రశ్నగా మిగిలిపోయింది.

కాపరులు కూడా మనుషులే అని నాకు తెలుసు, అందుకే ఇది మీ కోసం రాస్తున్నా. స్పర్జన్ గారిని మీరందరూ ప్రసంగాల్లో కోట్ చేస్తారు. 1856 అక్టోబర్ 19న లండన్‌లో సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాల్లో ఆయన ప్రసంగం మొదలవుతుంటే జనంలో ఎవరో మంటలు అని అరిచారు, మంటలేమీ లేవు, తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయనకి ఇరవై రెండేళ్లు. ఆ దెబ్బ, దాంతోపాటు డిప్రెషన్, జీవితాంతం వస్తూ పోతూనే ఉన్నాయి, ఆయన దాన్ని దాచలేదు, పాస్టర్లు కాబోయే తన స్టూడెంట్స్‌నే కూర్చోబెట్టి చెప్పాడు, ఇది మీకూ రావచ్చు ఆశ్చర్యపోకండి అన్నట్టుగా. జర్మనీలో ఐలెన్‌బర్గ్ అనే ఊళ్లో మార్టిన్ రింకార్ట్ అనే పాస్టర్, ముప్పై ఏళ్ల యుద్ధం నడుస్తుండగా 1637లో ప్లేగు వస్తే ఊళ్లో మిగిలిన పాస్టర్ ఆయనొక్కడే అయిపోయి నాలుగు వేల మందికి పైగా సమాధి చేశాడు, అందులో ఒకటి ఆయన భార్యది. ఆ మనిషి రాసిన కృతజ్ఞత పాట ఇప్పటికీ లోకమంతా పాడుతోంది. అలాంటి మనిషి రాసిన కృతజ్ఞత కాబట్టే అది ఇన్నాళ్లు నిలిచిందేమో అని నాకనిపిస్తుంది. మీలో ఎవరైనా లోపల చీకటితో పైన నవ్వుతో వేదిక ఎక్కుతుంటే, మీ సంఘానికి ఒక్కసారి నిజం చెప్పి చూడండి, వాళ్లు మిమ్మల్ని చిన్నచూపు చూడరు, సగం మంది ఊపిరి పీల్చుకుంటారు.

మాకు సాయం చేసిందెవరో కూడా చెప్పాలి కదా. మా సంఘంలో ఒక పెద్దావిడ ఉంది, చదువు రాదు, ఎప్పుడూ సాక్ష్యం చెప్పలేదు, మైక్ ఇస్తే పారిపోతుంది. ఆ ఆదివారం తర్వాత గురువారం మా ఇంటికొచ్చింది, కుర్చీ లాక్కుని కూర్చుంది, ఆయన కుడి చెయ్యి ఒళ్లోకి తీసుకుని వేళ్లు చూసి "గోళ్లు పెరిగాయి నాన్నా" అంది. కదలని చేతికి గోళ్లు తియ్యడం కష్టమండీ, వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉంటాయి, ఒక్కొక్కటీ నెమ్మదిగా విప్పాలి, అరచేతిలో గోరు గుచ్చుకున్న చోట ఎర్రగా ఉంటుంది. గంట పట్టింది. వాక్యం చెప్పలేదు. ప్రార్థన కూడా తలుపు దగ్గర నిలబడి రెండు మాటలు, "ప్రభువా వీళ్లు అలిసిపోయారు, నీకు తెలుసు". తర్వాత నుంచి రెండు వారాలకోసారి గురువారం వచ్చేది. యోబు స్నేహితులు ఏడు రోజులు ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన నోరు విప్పకుండా కూర్చున్నారు, వాళ్లు చేసిన మంచి పని ఆ ఒక్కటే, నోరు తెరిచాక అంతా పాడైంది, చివర్లో దేవుడే వాళ్ల మీద కోప్పడ్డాడు. ఏలీయా ఇక చాలు నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దూత అతనికి తిండీ నీళ్లూ పెట్టి మళ్లీ పడుకోనిచ్చాడు, ప్రశ్నలు తర్వాతెప్పుడో కొండ దగ్గర. ఈ పెద్దావిడకి ఆ అధ్యాయాలు ఎక్కడున్నాయో కూడా తెలీదు.

ఎనిమిదోసారో తొమ్మిదోసారో వచ్చినప్పుడు, గోళ్లు తీస్తూ ఆమె తనలో తను ఏదో కూనిరాగం తీస్తోంది, ఆమెది శృతి లేని గొంతు, నిజం చెప్పాలంటే వినడం కష్టం. మా వారు కలిశారు. ఆమె కత్తెర ఆపలేదు, తలెత్తి చూడలేదు, "చూశావా అమ్మా" అని నన్ను పిలవలేదు, మా వారి గొంతు తేలిపోతుంటే తన గొంతు కొంచెం పెంచింది అంతే. వంటింటి గుమ్మంలో నిలబడి నేను నోట్లో కొంగు కుక్కుకున్నా, సౌండ్ వస్తే ఆగిపోతారేమో అని.

ఇప్పుడు నేనడిగేవి పెద్దవేమీ కావు. అయిపోయిన సాక్ష్యాలతో పాటు ఇంకా అవ్వని వాటికి కూడా చోటివ్వండి, ఎవరైనా లేచి "నాకు ఇంకా జవాబు రాలేదు, ప్రార్థన చేయండి" అంటే ఆమేన్ అనండి, ముగింపు మీరు కలపకండి. ఏడాదికి ఒక్క ఆదివారమైనా ఒక విలాప కీర్తన మొదటి వచనం నుంచి చివరి వచనం దాకా చదివించండి. ఎవరి మొహం చూసీ విశ్వాసం కొలవకండి. థెరపీకీ మందులకీ వెళ్లడం అవిశ్వాసం కాదని మీ నోటితో, వేదిక మీద, గట్టిగా చెప్పండి, మీరు చెప్పకపోతే చాలా ఇళ్లలో మానేస్తారు. రోమా 12:15లో ఏడ్చేవాళ్లతో ఏడవమని ఉంది, ఏడ్చేవాళ్లని నవ్వించమని లేదు, దయచేసి దానికి ఒక ప్రసంగం కేటాయించండి. ఆనందం గురించి చెప్పడం మానొద్దు, అది మాత్రం మానొద్దు, అది నిజం, నేను చూశాను, తడి దుప్పటి చేతిలో పట్టుకుని చూశాను. రమ్మంటే రాదు అది, స్టేజీ మీదికి అసలు రాదు.

ఇప్పుడు ఆయనకి పాటలో పెట్టి నాలుగు మాటలు వస్తున్నాయి. నీళ్లు కావాలి అన్నది మా పెళ్లి పాట మొదటి లైన్ ట్యూన్‌లో అడుగుతారు, ఎవరైనా కొత్తవాళ్లు ఇంట్లో ఉంటే ఆరాధన చేస్తున్నారనుకుని కళ్లు మూసుకుంటారు, మేమిద్దరం నవ్వాపుకోలేం. నా పేరు ఇంకా రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు.

రెండేళ్లుగా రాలేదు, ఈ వచ్చే ఆదివారం మళ్లీ ఆరాధనకి వస్తున్నాం. చివరి వరస, ద్వారం పక్కన, వీల్‌చైర్ తిరగడానికి కొంచెం జాగా ఉంచితే చాలు. పాడాలనిపిస్తే పాడతారు, లేకపోతే లేదు. పెద్దావిడకి మా పక్కన సీటు ఆపుతాను. మైక్ మాత్రం తేకండి.

ప్రభువునందు మీ సహోదరి